సంక్రాంతికి మా వృద్ధాశ్రమంలో మూడు రోజుల ప్రోగ్రామ్ – సలహాలు కావాలి

కోటిపల్లి_రేవు | డిసెంబర్ 19, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కాకినాడ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను, చేరి ఇంకా ఏడాది కాలేదు. మా దగ్గర 42 మంది ఉంటారు. ఆడవాళ్ళే ఎక్కువ. మంచం దిగలేనివాళ్ళు ఆరుగురు, మతిమరుపు బాగా ముదిరినవాళ్ళు నలుగురు. ట్రస్టు వాళ్ళు ఈసారి భోగి నుంచి కనుమ దాకా ఘనంగా చేయాలి, దాతలందరినీ పిలవాలి అంటున్నారు.

నేను రాసుకున్నది ఇదీ: భోగి రోజు తెల్లవారుజామున 5కి మంట, 10కి ముగ్గుల పోటీ, సాయంత్రం స్కూలు పిల్లల డాన్సులు. పండగ రోజు ముఖ్య అతిథి, సన్మానాలు, చీరలు పంచెల పంపిణీ, మ్యూజికల్ చైర్స్. కనుమ రోజు గంగిరెద్దులు, తంబోలా, సాయంత్రం ఆర్కెస్ట్రా. ఇంకేమైనా కలపాలా? ఇలాంటివి చేసిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పాత_బెంచీ | డిసెంబర్ 19, రాత్రి 10:55

మ్యూజికల్ చైర్స్ దగ్గర ఆగిపోయానమ్మా, లేక బాబూ, ఎవరైతే వారు. మావాళ్ళలో సగం మందికి కుర్చీలోంచి లేవడమే ఒక పోటీ, మీరు దానికి పాట కూడా పెడతానంటున్నారు.

నేను విజయవాడ వైపు ఒక ఆశ్రమంలో ఉంటాను. ఉద్యోగం కాదు, నివాసం. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. మీ ప్లాన్ చదివి అందులో మేం ఎక్కడున్నామా అని వెతికాను. కూర్చుని ఉన్నాం. మూడు రోజులూ కూర్చునే ఉన్నాం. పిల్లలు ఆడతారు, మేం చూస్తాం. అతిథి మాట్లాడతాడు, మేం వింటాం. చీర ఇస్తారు, పుచ్చుకుని కెమెరా వైపు చూస్తాం. సంక్రాంతి అంటే నాకు గుర్తున్నది ఇంటిల్లిపాదికీ ఊపిరాడనంత పని. ఆ పని మాకు ఏమైనా మిగిల్చారా అని అడుగుతున్నాను, అంతే.

కోటిపల్లి_రేవు | డిసెంబర్ 19, రాత్రి 11:10

మాస్టారూ, బాబునే. మీరన్నది అర్థమైంది కానీ వాళ్ళతో పనులు చేయిస్తే దాతలు ఏమంటారు? "వృద్ధుల చేత వంట చేయిస్తున్నారు" అని ఎవరైనా ఫోటో పెడితే మా ఉద్యోగాలు పోతాయి.

తంగేడుపూలు | డిసెంబర్ 20, ఉదయం 7:20

అన్నా, నేను హనుమకొండ పక్కన ఒక ఆశ్రమంల వార్డెన్‌ని. మాకు పెద్ద పండగంటే బతుకమ్మ. మొదట్ల మేం కూడా ఇట్లనే చేసినం. డెకరేషన్ వాళ్ళతోని పెద్ద బతుకమ్మ పేర్పించి హాల్ మధ్యల పెట్టినం, కాలేజీ అమ్మాయిలు వచ్చి ఆడిన్రు, అమ్మమ్మలు చుట్టూ చూసుకుంట కూసున్నరు. ఆ తర్వాతేడు ఒక ముసలమ్మ "గునుగు పువ్వు తెచ్చి నా ముందట పొయ్యుండ్రి, నేను పేరుస్త" అన్నది. తాంబాళం టేబుల్ మీద పెట్టి ఆమెను కుర్చీల కూసోబెట్టినం. అరగంటల ఇంకో పది మంది చేరిన్రు. ఒకరు తంగేడు కట్టలు కడుతున్నరు, ఒకరు గునుగు రంగులల్ల ముంచుతున్నరు, ఒకామె ఏం చేయకుండ అందరి తప్పులు పడుతున్నది. అది కూడ పనే మరి.

తిరిగి ఆడలేనోళ్ళకు కుర్చీలు గుండ్రంగ వేసినం. ఒకామె పాట చెప్తది, మిగతావాళ్ళు కూసున్నకాడికెల్లే చప్పట్లు కొట్టుకుంట ఉయ్యాలో అని అందుకుంటరు, నడవగలిగినోళ్ళు, మా ఆయమ్మలు మధ్యల తిరుగుతరు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాక తొమ్మిది రోజులు రోజూ చేయలేం గని, మొదటి రోజు, ఆఖరి రోజు మాత్రం తప్పకుండ చేస్తం. ఇంతవరకు ఏ దాతా పని చేయించిన్రని అనలే. కాలేజీ అమ్మాయిలు ఇప్పటికీ వస్తరు, పాట నేర్చుకోనికె.

నర్సక్క | డిసెంబర్ 20, ఉదయం 11:05

సరదా సంగతి మీరు మాట్లాడుకోండి, నేను ఒంటి సంగతి చెప్తాను. పదేళ్ళ పైన ఇలాంటి హోమ్‌లలోనే డ్యూటీ చేశాను. పండగ మర్నాడు నాకు పని రెట్టింపు.

అన్నిటికన్నా పెద్ద సమస్య ముఖ్య అతిథి. పన్నెండున్నరకి భోజనం అంటారు, ఆయన రెండింటికి వస్తారు, ఆయన వచ్చేదాకా ఆకులు వేయరు. ఇన్సులిన్ మాత్రం మేం టైముకి పొడిచేస్తాం. ఒంటిగంటన్నరకి ఒకాయనకి చెమటలు, వణుకు, మాట తడబడటం, పక్కన ఉన్నవాళ్ళు నిద్ర వస్తోందేమో అనుకున్నారు. షుగర్ పడిపోయింది. నోట్లో పంచదార నీళ్ళు పోసి నిలబెట్టాం, ఆయన ఇంకా స్పృహలో ఉన్నాడు కాబట్టి పోయగలిగాం. అప్పటి నుంచి నేను మేనేజ్‌మెంట్‌కి ఒకటే చెప్తాను: భోజనం గడియారాన్ని బట్టి, అతిథిని బట్టి కాదు. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు మాత్రలూ అంతే, టైము తప్పితే మనిషి కొయ్యలా బిగుసుకుపోతాడు, ఆ తర్వాత ఆర్కెస్ట్రా పెట్టినా గంగిరెద్దు వచ్చినా ఆయనకి ఒకటే.

రెండోది మింగడం. పక్షవాతం వచ్చినవాళ్ళకి, మతిమరుపు ముదిరినవాళ్ళకి గొంతులో పట్టు ఉండదు. దాతలు ప్రేమగా నోట్లో బొబ్బట్టు ముక్క పెడతారు, వెంటనే నీళ్ళు తాగిస్తారు. అది ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే న్యుమోనియా. బయటివాళ్ళు ఎవరూ ఎవరికీ తినిపించకూడదని గేటు దగ్గరే చెప్పండి. చెడ్డపేరు వస్తే రానివ్వండి.

మూడోది ఎవరూ మాట్లాడరు. ప్రోగ్రామ్ ఉందంటే మన అమ్మమ్మలు పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగరు. ఎందుకంటే హాలు నుంచి బాత్రూమ్ దూరం, మధ్యలో లేస్తే అందరూ చూస్తారు, లేపడానికి ఆయమ్మ ఫోటోల దగ్గర ఉంటుంది. నీళ్ళు తాగక సాయంత్రానికి నీరసం, తర్వాత యూరిన్ ఇన్ఫెక్షన్. గంటకి మించి ఏ ప్రోగ్రామూ పెట్టకండి. మధ్యలో పావుగంట విరామం అని మైకులో మీరే చెప్పండి, అప్పుడు అందరూ లేస్తారు, ఎవరికీ సిగ్గుండదు.

ఫిజియో_విశాఖ | డిసెంబర్ 20, మధ్యాహ్నం 1:30

నర్సక్క చెప్పినవాటికి కొన్ని కలుపుతాను. ముగ్గుల పోటీ వరండాలో పెడుతున్నారా? తడి నేల మీద ముగ్గు పిండి పడితే జారుడే. పడితే ఈ వయసులో తుంటి విరుగుతుంది, ఆపరేషన్ అయ్యాక కూడా చాలామంది మునుపటిలా నడవరు. నల్ల అట్ట మీద సుద్దముక్కతో టేబుల్ దగ్గర కూర్చుని వేయించండి. ఇరవై ఒక్క చుక్కల మెలికల ముగ్గు గుర్తున్నవాళ్ళు ఎంతమందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. నిన్న ఏం తిన్నారో చెప్పలేని మనిషి చుక్క తప్పకుండా మెలిక తిప్పడం నేను చూశాను.

భోగి మంట గేటు బయట, గాలి వాటం చూసుకుని. పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేయొద్దు. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్ళని కిటికీ లోపలే ఉంచండి. 5 గంటలకి చలిలో అందర్నీ లేపడం ఎందుకో నాకు అర్థం కాలేదు, లేచేవాళ్ళు ఎలాగూ నాలుగింటికే లేచి కూర్చుంటారు, మిగతావాళ్ళని పడుకోనివ్వండి.

ఆర్కెస్ట్రా సౌండు సంగతి. చెవి మిషన్ పెట్టుకున్నవాళ్ళకి పెద్ద స్పీకర్ దగ్గర మాట వినపడదు, రొద వినపడుతుంది. తీసి జేబులో వేసుకుని కూర్చుంటారు. మతిమరుపు ఉన్నవాళ్ళకైతే సాయంత్రం కాగానే గాబరా మొదలవుతుంది, ఇంటికి వెళ్ళాలంటారు, ఆ టైములో జనం, డప్పులు పెడితే రాత్రంతా మీకు నిద్ర ఉండదు. వాళ్ళకి పొద్దున పూట నలుగురైదుగురిని కూర్చోబెట్టి చిన్న స్పీకర్‌లో ఘంటసాల పాటలు పెట్టండి చాలు.

సామర్లకోట_బ్యాచ్ | డిసెంబర్ 20, సాయంత్రం 6:15

ఇదంతా చదివితే అసలు ఎవరూ రాకూడదు, ఏమీ చేయకూడదు అన్నట్టుంది. మా ఫ్రెండ్స్ గ్రూప్ ఆరేళ్ళుగా పుట్టినరోజులకి బార్‌లకి వెళ్ళకుండా ఆశ్రమాల్లో కేకు కట్ చేస్తున్నాం, భోజనాలు పెడుతున్నాం. తినిపించొద్దు, ఫోటో తీయొద్దు, పాటలు వద్దు. మరి కుర్రాళ్ళు ఎందుకు వస్తారండీ? ఫోటో పెడితేనే ఇంకో పది మందికి తెలిసి వాళ్ళూ సాయం చేస్తారు.

పాత_బెంచీ | డిసెంబర్ 20, రాత్రి 8:00

నాయనా, నువ్వు రావాలి. నిజంగానే అంటున్నాను. కానీ మా వైపు నుంచి ఒక రోజు ఎలా ఉంటుందో చెప్తాను విను.

మొన్న అక్టోబర్ 1, వృద్ధుల దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 1990లో తీర్మానించింది, మంచిదే, మా మీద దయ. ఆ ఒక్క రోజు మాకు మూడు బ్యాచ్‌లు వచ్చాయి. మూడు పులిహోరలు, మూడు కేకులు. ఒక్కో బ్యాచ్‌కి ఒక్కోసారి కొత్తగా సంతోషించాలి. మూడోవాళ్ళు వచ్చేసరికి మా గదిలో ఆయన "ఇంక నవ్వలేనండీ, దవడ నొప్పి" అన్నాడు. అక్టోబర్ 2 గాంధీ జయంతి, ఇంకో బ్యాచ్. తర్వాత దసరా దాకా గేటు తీసిన మనిషి లేడు.

ఫోటో గురించి. మా దగ్గర ఒకావిడ ఉన్నారు. చుట్టాలందరికీ చెల్లెలి ఇంట్లో ఉంటున్నానని చెప్పుకుంది. ఎవరిదో స్టేటస్‌లో కేకు పక్కన ఆవిడ మొహం, కింద "అనాథ వృద్ధులతో" అని. ఆవిడకి ముగ్గురు పిల్లలు. ఆ వాక్యం చదివిన చుట్టం ఫోన్ చేసి ఏడ్చింది, ఈవిడ వారం రోజులు భోజనాల హాలుకి రాలేదు. నువ్వు చెప్పు, ఆ ఫోటో వల్ల వచ్చే పది మందిని నేను ఎక్కడ కూర్చోబెట్టాలి?

సామర్లకోట_బ్యాచ్ | డిసెంబర్ 20, రాత్రి 8:40

అనాథ అని మేం ఎప్పుడూ రాయలేదు మాస్టారూ. కానీ మొహాలు పెట్టాం, అది నిజం. మరి మేం వస్తే మీకు ఏం కావాలో చెప్పండి, అదే చేస్తాం.

పాత_బెంచీ | డిసెంబర్ 20, రాత్రి 9:10

పండగ కాని రోజు రండి. మంగళవారం, బుధవారం, ఏదైనా. ఇద్దరు ముగ్గురు చాలు, ఇరవై మంది వద్దు. ఫోన్‌లో కొడుకు పంపిన వీడియో తెరుచుకోదు, అది తెరిచి పెట్టండి. పింఛను ఆగకుండా ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కోసం మేం పడే పాట్లు చూడండి, వేలిముద్ర పడదు. కళ్ళజోడు స్క్రూ ఊడిపోతుంది. చదరంగం ఆడేవాడు ఉంటే పంపండి, నాకు ఇక్కడ జోడీ లేడు. ఇంకొకటి, అందర్నీ "తాతా, మామ్మా" అనేయకుండా ఎవరు ఏ పని చేసి వచ్చారో కనుక్కోండి. మా పక్క గది ఆయన ఆర్టీసీలో డ్రైవరు, నాగార్జునసాగర్ రూట్‌లో నడిపిన కబుర్లు చెప్తే గంటలు తెలియవు.

తంగేడుపూలు | డిసెంబర్ 21, ఉదయం 6:50

మాస్టారు మాట నిజమే గని, సూపర్‌వైజర్ అన్న కష్టం కూడ నాకు తెలుసు. దాతలు పెట్టే పూట భోజనాల మీదనే చాలా ఆశ్రమాలు నడుస్తయి. పండగ రోజు వాళ్ళను రావద్దంటే తర్వాత నెల బియ్యం ఎట్ల? మేం ఒక పద్ధతి పెట్టుకున్నం. గోడ మీద క్యాలెండర్ ఉంటది. పండగ రోజుకు ఒకటే బ్యాచ్. రెండోవాళ్ళు అడిగితే "పైసలు ఈ రోజు ఇయ్యుండ్రి, మనుషులు వచ్చే బుధవారం రండి" అంటం. మొదట్ల ముఖం మాడ్చుకున్నరు. ఇప్పుడు అలవాటైంది.

డాలస్_పెద్దోడు | డిసెంబర్ 21, ఉదయం 10:30

మా అమ్మ హైదరాబాద్‌లో డబ్బు కట్టే హోమ్‌లో ఉంది. నెలనెలా వాళ్ళు ఈవెంట్ల ఫోటోలు పంపుతారు: గార్బా నైట్, క్రిస్మస్ ట్రీ, వాలెంటైన్స్ డే బెలూన్లు కూడా. ప్రతి ఫోటోలో అమ్మ ఆఖరి వరసలో, ఒకే చీరలో ఉంటుంది. ఫోన్‌లో అడిగితే "బాగా జరిగింది నాయనా" అంటుంది. మొన్న అక్కడి నర్సు చెప్పింది, ఫోటో టైముకి తీసుకొస్తారు, అవగానే గదికి వెళ్ళిపోతుంది అని. బలవంతంగా ఉంచమని చెప్పాలా? ఒంటరిగా గదిలో ఉంటే డిప్రెషన్ వస్తుందేమో అని భయం.

ఫిజియో_విశాఖ | డిసెంబర్ 21, మధ్యాహ్నం 12:10

బలవంతం వద్దండీ. ముందు ఎందుకు వెళ్ళిపోతోందో చూడాలి. చెవి వినపడక కావచ్చు, కుర్చీ ఎత్తు చాలక నడుం నొప్పి కావచ్చు, బాత్రూమ్ భయం కావచ్చు, తెలిసినవాళ్ళు లేక కావచ్చు. లేదా గార్బా ఇష్టం లేక కావచ్చు, జీవితంలో ఎప్పుడూ ఆడని మనిషికి ఎనభైలో ఎందుకు ఇష్టం ఉండాలి. తిండి, నిద్ర బాగుండి, ఒకరిద్దరితో కబుర్లు ఉంటే కంగారు పడకండి. అవి కూడా తగ్గితే డాక్టర్‌కి చూపించాలి, అది ఈవెంట్‌తో పోయేది కాదు.

మరో మాట. పండగ పూట వీడియో కాల్ చేస్తారు కదా, అందరూ హాల్లో ఉన్నప్పుడు చేయకండి, ఏమీ వినపడదు, పిల్లలు రానివాళ్ళు పక్కనే కూర్చుని చూస్తుంటారు. ఇక్కడ పొద్దున ఎనిమిదైతే మీకు ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర. ఆ టైములో గదిలోకి చేయండి. పావుగంట ముందు జుట్టు దువ్వుకోవడానికి టైము ఇవ్వమని స్టాఫ్‌కి చెప్పండి.

డాలస్_పెద్దోడు | డిసెంబర్ 21, మధ్యాహ్నం 12:45

థాంక్యూ. అమ్మకి పేకాట ఇష్టం, రమ్మీ. పెళ్ళిళ్ళలో మామయ్యలని ఓడించేది. అది ఈవెంట్ల లిస్టులో ఎప్పుడూ చూడలేదు. వాళ్ళని అడుగుతాను.

కొత్తపేట_కోడలు | డిసెంబర్ 22, మధ్యాహ్నం 3:20

ఎవరూ ఎత్తని విషయం ఒకటి. పోయిన ఏడాది మా మహిళా సంఘం తరఫున ఒక ఆశ్రమంలో బొమ్మల కొలువు పెట్టి పేరంటం చేశాం. పసుపు కుంకుమ పళ్ళెం పట్టుకుని మా ప్రెసిడెంట్ వరసగా వెళ్తూ, భర్త ఉన్నవాళ్ళకి బొట్టు పెట్టి గాజులు ఇచ్చి, లేనివాళ్ళ దగ్గర ఒక అరటిపండు చేతిలో పెట్టి ముందుకి పోయింది. ఆ హాల్లో ముప్పై మందిలో నలుగురైదుగురికే భర్తలున్నారు. మిగతావాళ్ళు పండు పట్టుకుని అలా కూర్చున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆచారం అంటారు. ఆచారమైతే మరి ఆశ్రమంలో పేరంటం పెట్టడం దేనికి?

నర్సక్క | డిసెంబర్ 22, సాయంత్రం 4:00

ఇది ప్రతి చోటా జరుగుతుంది. భోగిపళ్ళు పోసేటప్పుడు కూడా "మీరు పక్కకి జరగండమ్మా" అంటారు, పోయించుకునేది దాతల మనవరాలు, పక్కకి జరగాల్సింది అక్కడ ఉండే మనిషి. అందరికీ ఒకటే ఇవ్వాలి అంతే, చర్చ లేదు.

తంగేడుపూలు | డిసెంబర్ 22, సాయంత్రం 7:30

అక్కా, అంత సులువు కాదు. మేం అందరికీ పసుపు కుంకుమ ఇచ్చినం ఒకసారి. ఇద్దరు ముగ్గురు అమ్మమ్మలకు కోపం వచ్చింది. "నలభై ఏండ్ల సంది పెట్టుకోలేదు, నువ్వెవరివి పెట్టనీకె" అన్నరు. వాళ్ళ నమ్మకం వాళ్ళది, మనం పోయి సంస్కరణ చేసి వస్తమంటే ఎట్ల. ఇప్పుడు ఏం చేస్తమంటే, పళ్ళెంల పూలు, గాజులు, కుంకుమ, పండ్లు, జాకెట్టు గుడ్డ అన్నీ పెట్టి టేబుల్ మీద ఉంచుతం, ఎవరికి ఏది కావాల్నో వాళ్ళే తీసుకుంటరు. ఒకామె ఎర్ర గాజులు తీసుకుని జేబు రుమాల్ల మూట కట్టుకున్నది, ఏసుకోలే. ఎందుకు తల్లీ అని మేం అడగలే.

కొత్తపేట_కోడలు | డిసెంబర్ 22, రాత్రి 8:05

టేబుల్ ఆలోచన బాగుంది. ఈసారి అలాగే చేయిస్తాను. మా ప్రెసిడెంట్‌తో గొడవ ఖాయం.

కోటిపల్లి_రేవు | డిసెంబర్ 24, రాత్రి 10:20

ఇవన్నీ ప్రింటు తీసుకుని మా ట్రస్టు మీటింగ్‌కి వెళ్ళాను. మాకేం మిగిల్చారని మాస్టారు అడిగారు కదా, అందుకే మావాళ్ళనే అడిగాను. ఏం కావాలంటే మొదట అందరూ "మీరు ఏది చేస్తే అదే బాబూ" అన్నారు. అలా కాదని ఒక్కొక్కరి దగ్గర మంచం పక్కన కూర్చుని మీ ఇంట్లో పండగ ఎలా చేసేవాళ్ళు అని అడిగితే అప్పుడు మొదలుపెట్టారు. ఆర్కెస్ట్రా ఒక్కరూ అడగలేదు. అరిసెలు ఇక్కడే వండాలని పదకొండు మంది. హరిదాసుని చూడాలని చాలామంది. ఒకాయన కోడిపందెం అన్నాడు, అది కుదరదని చెప్పాను, "చూడ్డానికి కాదు, కోడికి పేరు పెట్టడం నాకు తెలుసు, కుక్కుట శాస్త్రం చెప్తాను వినండి" అన్నాడు. ఒకావిడ మాత్రం తన పుట్టినరోజు చేయమంది. ఎప్పుడమ్మా అంటే తెలియదు. ఆధార్‌లో జనవరి 1 ఉంది. మా రిజిస్టర్ చూస్తే జనవరి 1న పుట్టినవాళ్ళు పద్నాలుగు మంది!

పాత_బెంచీ | డిసెంబర్ 24, రాత్రి 10:50

అది పుట్టినరోజు కాదు బాబూ, డేటు తెలియనివాళ్ళందరికీ కంప్యూటర్ పెట్టిన రోజు. "ఏ ఏడాది" అని అడక్కండి. "అప్పుడు ఊళ్ళో ఏం జరిగింది" అని అడగండి. 1953లో గోదావరికి పెద్ద వరదలు వచ్చాయి, మీ వైపు ఆ లెక్కన చెప్పేవాళ్ళు తప్పక ఉంటారు. తెలంగాణలో అయితే 1948 పోలీసు యాక్షన్ ముందా తర్వాతా అని చెప్తారు. పుష్కరాల ముందా వెనకా, ఏ పంట ఇంటికొచ్చే రోజులు, ఏ పండగ దగ్గర, ఇవి అడిగితే నెల కూడా తేలుతుంది.

తంగేడుపూలు | డిసెంబర్ 25, ఉదయం 8:15

నిజం. మా దగ్గర ఒకామె రజాకార్ల భయానికి జొన్నచేన్ల దాక్కున్నప్పుడు పుట్టిందట, వాళ్ళమ్మ చెప్పేదట. చేను మనిషెత్తు ఉన్నదంటే ఏ నెలో మా తోటమాలి లెక్క కట్టి చెప్పిండు. ఇప్పుడు ఆమెకు ఆ నెలల పాయసం వండుతం.

అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. మా దగ్గర ఇయ్యాల కేకు తక్కువ, పాటలు ఎక్కువ. హిందూ అమ్మమ్మలే గట్టిగ పాడుతున్నరు.

వేదిక_మోడరేటర్ | డిసెంబర్ 25, మధ్యాహ్నం 2:00

ఒక సభ్యుడు ఫలానా ఆశ్రమం పండగ పేరుతో చందాలు వసూలు చేసి భోజనం పెట్టలేదని పేరుతో సహా రాశారు, ఆ పోస్టు తీసేశాం. ఇక్కడ పేర్లు వద్దు. వృద్ధుల మీద నిర్లక్ష్యం, వేధింపులు చూస్తే 14567కి ఫోన్ చేయండి, అది వయోవృద్ధుల టోల్‌ఫ్రీ హెల్ప్‌లైన్. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007 నుంచి ఉంది, జిల్లా అధికారులకి కూడా రాతపూర్వకంగా ఇవ్వొచ్చు.

కోటిపల్లి_రేవు | జనవరి 7, రాత్రి 9:30

ఒక సమస్య. నిన్న తెల్లవారుజామున మా దగ్గర ఒక పెద్దాయన పోయారు. చాలా ఏళ్ళుగా ఉన్నారు, అందరికీ కావాల్సిన మనిషి. పండగ ఆపేయాలని కొందరు, కానివ్వమని కొందరు. ట్రస్టు వాళ్ళు పాంఫ్లెట్లు వేసేశారు. ఆశ్రమానికి మైల ఉంటుందా?

పాత_బెంచీ | జనవరి 7, రాత్రి 9:50

శాస్త్రం అడిగితే రక్తసంబంధం లేదు కాబట్టి మైల లేదంటారు. శాస్త్రం పక్కన పెట్టండి. మా దగ్గర చావు వస్తే మంచం రెండు గంటల్లో ఖాళీ చేసి, దుప్పటి మార్చి, ఏమీ జరగనట్టు టిఫిన్ పెడతారు. మమ్మల్ని బాధపెట్టకూడదనే. దాంతో మాకు అర్థమయ్యేది ఏమిటంటే రేపు నాదీ ఇంతే అని. దాచకండి. అందర్నీ కూర్చోబెట్టి ఆయన గురించి మాట్లాడనివ్వండి. ఆ తర్వాత పండగ సంగతి వాళ్ళే తేలుస్తారు.

నర్సక్క | జనవరి 7, రాత్రి 10:15

స్టాఫ్‌ని కూడా కూర్చోబెట్టండి. ఆయనకి రోజూ స్నానం చేయించిన ఆయమ్మకి ఎవరూ ఓదార్పు చెప్పరు.

కోటిపల్లి_రేవు | జనవరి 17, రాత్రి 8:45

ఎలా జరిగిందో రాయమని చాలామంది మెసేజ్ పెట్టారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఎనిమిదో తేదీ సాయంత్రం అందరం కూర్చున్నాం. పెద్దాయన బాకీల పుస్తకం బయటపడింది. పేకాటలో ఎవరు ఎంత ఇవ్వాలో అన్నీ రాసుకున్నాడు, చదువుతుంటే ఏడుస్తూ నవ్వారు. పండగ చేయాలనే తేల్చారు, కానీ మైకు వద్దు, సన్మానాలు వద్దు.

అరిసెలు భోగికి రెండు రోజుల ముందు. బియ్యం నానబెట్టి, మరకి పంపి తడిపిండి ఆడించాం. బెల్లం పాకం మా వంటమాస్టరు చూశాడు, పొయ్యి దగ్గర అతను, రెండు గజాల దూరంలో కుర్చీల్లో ఆరుగురు మామ్మలు. చిన్న గిన్నెలో నీళ్ళు, అందులో పాకం చుక్క వేసి వాళ్ళ చేతికివ్వడం, వాళ్ళు వేళ్ళతో ఉండ కట్టి చూడటం. ఒకావిడ లేతగా ఉంది అంటుంది, ఒకావిడ ముదిరిపోయింది అంటుంది, ఇద్దరూ కోనసీమే, పక్క పక్క ఊళ్ళే. వంటమాస్టరు నెత్తి పట్టుకున్నాడు. ఇంకో బల్ల దగ్గర నువ్వులు అద్దేవాళ్ళు, చెక్కల మధ్య నూనె ఒత్తేవాళ్ళు. వేడి నూనె దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. పళ్ళు లేనివాళ్ళకి చలిమిడి, షుగర్ ఉన్నవాళ్ళకి నర్సు చెప్పినంత ముక్క. ఆ వాసనకి మంచం దిగలేని ఒకావిడ "మా ఇంట్లోనా" అని అడిగింది, తలుపులన్నీ తీసి పెట్టాం.

భోగి మంట 6:30కి గేటు బయట. హరిదాసు దొరికాడు, గదిగదికీ వచ్చి మంచాల దగ్గర పాడాడు, మంచంలో ఉన్నవాళ్ళే తమ చేత్తో పాత్రలో బియ్యం పోశారు. ట్రస్టు ఛైర్మన్‌గారు పన్నెండున్నరకి కాదు ఒంటిగంటకి వచ్చారు, అప్పటికి సగం మంది పెరుగన్నంలో ఉన్నారు. ఆయన మొహం కాస్త మారింది కానీ ఆకు వేస్తే కూర్చుని తిన్నారు.

కనుమ రోజు రెండు పొయ్యిలు, నాటుకోడి పెరటి వైపు, గారెలు లోపల. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, గంగిరెద్దు తప్ప ఏ ప్రోగ్రామూ పెట్టలేదు. కుక్కుట శాస్త్రం మాత్రం గంటన్నర నడిచింది, మా వాచ్‌మన్ నోట్స్ రాసుకున్నాడు, నాకు భయంగా ఉంది.

కుదరనివి కూడా ఉన్నాయి. చీరల పంపిణీ ఆపలేకపోయాను, ఎందుకంటే దాత ముందే కొనేశారు. అన్నీ ఒకటే రంగు. తెల్ల చీరలే కట్టే ఆవిడ ముదురాకుపచ్చ చీర తీసుకుని మా ఆయమ్మకి ఇచ్చేసింది. ఇద్దరు మగవాళ్ళు మూడు రోజులూ గది దాటలేదు, ఏం చేసినా రాలేదు.

సామర్లకోట_బ్యాచ్ | జనవరి 17, రాత్రి 9:20

అన్నా, మేం మంగళవారాలు వద్దామనుకుంటున్నాం, ముగ్గురం. ఒకడికి చదరంగం వచ్చు, ఒకడికి మొబైల్ రిపేర్ షాపు ఉంది. ఆ ఇద్దరు మగవాళ్ళు ఏం చేసేవాళ్ళో చెప్తారా?

కోటిపల్లి_రేవు | జనవరి 17, రాత్రి 9:40

ఒకాయన రైల్వేలో గ్యాంగ్‌మన్. ఇంకొకాయన టైలరు, జెంట్స్ టైలరు. ఆయన దగ్గర పాత కత్తెర ఇంకా ఉంది, ఎవరినీ ముట్టుకోనివ్వడు.

సామర్లకోట_బ్యాచ్ | జనవరి 17, రాత్రి 9:45

నా ప్యాంట్లన్నీ పొడవే. తెస్తాను.

కర్నూలు_నుంచి | ఫిబ్రవరి 20, ఉదయం 9:00

పాత చర్చ అయినా అడుగుతున్నాను. మా హోమ్‌లో ఇద్దరు ముస్లిం పెద్దవాళ్ళు ఉన్నారు. రంజాన్ నెల వస్తోంది. ఒకాయన ఉపవాసం ఉంటానంటున్నారు, షుగర్ ఉంది. ఇఫ్తార్ పెట్టాలని ఉంది, ఎలా చేయాలి?

నర్సక్క | ఫిబ్రవరి 20, ఉదయం 10:10

ముందు డాక్టర్‌కి చూపించండి, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి ఉపవాసం ప్రమాదం. జబ్బు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉందని వాళ్ళ మతంలోనే ఉంది. అది మీరు చెప్తే వినరు, దగ్గరి మసీదు ఇమామ్‌గారిని పిలిచి ఆయనతో చెప్పించండి. ఉపవాసం లేకపోయినా ఇఫ్తార్‌లో కూర్చోవచ్చు. మీ హోమ్‌లో రాత్రి భోజనం ఎన్నింటికి? సూర్యాస్తమయం ఆరు దాటాకే కాబట్టి, ఆ ఇద్దరి కోసం అందరి భోజనం ఇరవై నిమిషాలు అటూ ఇటూ జరిపితే ఒకే బల్ల దగ్గర తినొచ్చు. తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే సహరీకి మాత్రం నైట్ డ్యూటీ ఆయమ్మని ఇప్పుడే అడిగి పెట్టుకోండి, వంటింటి తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా.